హద్దులు మారినా చెరగని పేరు రావి
నల్లగొండ తొలి ఎంపీ స్వగ్రామం నేడు మరో నియోజకవర్గంలో..

భువనగిరి: నల్లగొండ లోక్‌సభ స్థానానికి తొలి ప్రతినిధిగా ఎన్నికై, దేశంలోనే అత్యధిక ఓట్లు సాధించిన నేతగా చరిత్రకెక్కిన రావి నారాయణరెడ్డి పేరు తెలియని వారు ఉమ్మడి జిల్లాలో అరుదు. అయితే ఆయన పుట్టి పెరిగిన బొల్లేపల్లి గ్రామం నేడు నల్లగొండ లోక్‌సభ పరిధిలో లేదు. 2008లో జరిగిన నియోజకవర్గాల పునర్విభజనతో భువనగిరి మండలంలోని ఆ పల్లె కొత్తగా ఏర్పడిన భువనగిరి లోక్‌సభ స్థానంలో చేరింది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు నల్లగొండ జిల్లాను సైతం వీడి యాదాద్రి భువనగిరి జిల్లాలో భాగమైంది. నల్లగొండ పేరును ఢిల్లీ దాకా మోసుకెళ్ళిన నాయకుని ఊరికి ఆ పేరుతో పరిపాలనా బంధం తెగిపోయింది.

ఆయన జీవితాన్ని, ఆయన ప్రాతినిధ్యం వహించిన స్థానం చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. నియోజకవర్గాన్ని గీతలు విడదీసిన నాడు అక్కడి ఉద్యమ బలం చెక్కుచెదరలేదు. ఉద్యమం తనను తాను విడదీసుకున్న నాడు మాత్రం ఆ కోట కూలింది. ఆ రెండు ఘట్టాలనూ రావి నారాయణరెడ్డి దగ్గరగా చూశారు.

భూస్వామి ఇంట పుట్టి..

రావి నారాయణరెడ్డి 1908 జూన్‌లో బొల్లేపల్లిలో సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. నాటి నల్లగొండ జిల్లా నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో అంతర్భాగం. భూమి అధిక భాగం దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్ల చేతుల్లో ఉండేది. వెట్టిచాకిరి పల్లెల్లో నిత్యకృత్యం. చాకలి, మంగలి, కుమ్మరి మొదలు మాదిగ వరకు ప్రతి కులం వారూ దొర గడీకి కూలి లేని చాకిరీ చేయవలసిందే. తెలుగువారికి తెలుగులో చదువుకునే అవకాశం సైతం అంతంత మాత్రమే. పాలన, న్యాయస్థానాలు, ఉన్నత విద్య అన్నీ ఉర్దూలోనే సాగేవి.

అటువంటి వ్యవస్థలో ఏ లోటూ లేకుండా బతకగల ఇంట పుట్టిన యువకుడు ఆ వ్యవస్థకే ఎదురు నిలవడం విశేషం. హైదరాబాద్‌లో చదువుకుంటున్న రోజుల్లోనే ఆయన జాతీయోద్యమం వైపు ఆకర్షితులయ్యారు. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహానికి పిలుపునివ్వగా చదువును పక్కనపెట్టి బ్రిటిష్ పాలనలోని కాకినాడకు వెళ్ళి అందులో పాల్గొన్నారు. తిరిగి వచ్చాక హరిజన సేవక సంఘం కార్యక్రమాల్లో నిమగ్నమయ్యారు. హైదరాబాద్‌లో దళిత బాలుర చదువు కోసం, వసతి గృహాల కోసం శ్రమించారు. తర్వాతి కాలంలో పార్లమెంటుకు ఒక దళిత సహచరునితో కలిసి ఎన్నికైన ఆయన ప్రజా జీవితం దళిత బాలల సేవతోనే మొదలైంది.

1938 అక్టోబరులో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం ప్రారంభమైనపుడు అరెస్టయిన తొలి దళంలో ఆయన ఒకరు. జైలు నుంచి విడుదలైన తర్వాత ఆయన ఆలోచనల్లో మార్పు వచ్చింది. సంఘ సంస్కరణతోనే పల్లె కష్టం తీరదని, భూమి సమస్యను ముట్టుకోనిదే వెట్టి పోదని ఆయన నమ్మారు. 1939లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. కుటుంబం నుంచి తనకు సంక్రమించిన భూమిలో వందల ఎకరాలను భూమిలేని పేదలకు పంచి ఇచ్చి, తాను చెప్పే మాటను ముందుగా తన ఇంటి నుంచే ఆచరణలో పెట్టారు.

చిలుకూరు నుంచి భువనగిరి దాకా..

తెలంగాణ రాజకీయ చైతన్యానికి ఊపిరి పోసిన సంస్థ ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సభ జరిగింది. తొలినాళ్ళలో భాష, విద్య, గ్రంథాలయాలు, సాంఘిక సంస్కరణల వంటి అంశాలకే పరిమితమైన ఆ సంస్థను రైతు సమస్యల వైపు మళ్ళించిన వారిలో రావి నారాయణరెడ్డి ముఖ్యులు. 1941లో చిలుకూరులో జరిగిన మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. 1944లో భువనగిరిలో జరిగిన మహాసభకు మరోసారి అధ్యక్షులయ్యారు. ఈ సభతో మితవాదులు వేరు కుంపటి పెట్టుకోగా, సంస్థ పూర్తిగా కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చింది. సభ్యత్వ రుసుమును సామాన్యునికి అందుబాటులోకి తేవడంతో పేద రైతులు, కూలీలు పెద్ద సంఖ్యలో చేరారు. పల్లెల్లో ఆంధ్ర మహాసభ పేరు మరుగున పడి, దానిని అందరూ సంఘం అనే పిలుచుకున్నారు.

1946 జూలై 4న నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో అమరుడయ్యారు. దానితో సంఘం పోరాటం కొత్త మలుపు తిరిగింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సంయుక్తంగా సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. రజాకార్ల దాడులను తట్టుకుంటూ గ్రామాల్లో రాజ్య కమిటీలు వెలిశాయి. దాదాపు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ జరిగిందని, సుమారు 4 వేల మంది ప్రాణాలు కోల్పోయారని కమ్యూనిస్టు పార్టీ లెక్కలు తెలుపుతున్నాయి. ఆ త్యాగాల్లో సింహభాగం నల్లగొండ, వరంగల్ ప్రాంతాలదే.

తుపాకీ దించమన్న నేత

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించి నిజాం పాలనకు ముగింపు పలికింది. ఆ తర్వాత పోరాటాన్ని కొనసాగించాలా, విరమించాలా అన్న ప్రశ్న కమ్యూనిస్టు పార్టీని కుదిపివేసింది. నిజాంను ఎదిరించిన ప్రజలు నెహ్రూ ప్రభుత్వ సైన్యాన్ని కూడా అదే విధంగా ఎదిరించగలరని కొందరు నాయకులు వాదించారు. రావి నారాయణరెడ్డి దానితో ఏకీభవించలేదు. పరిస్థితి మారిందని, ఆయుధం పట్టిన పల్లె యువకులు అడవుల్లో అకారణంగా బలైపోతున్నారని, ప్రజలు నాటి ఉత్సాహంతో వెంట లేరని ఆయన పార్టీ లోపల గట్టిగా చెప్పారు. స్వయంగా పోరాటానికి పిలుపునిచ్చిన వారిలో ఒకరై ఉండి, దాని విరమణను కోరడం ఆనాడు తేలిక కాదు. సహచరుల నుంచి తీవ్ర విమర్శలు ఎదురైనా ఆయన తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు.

చివరకు 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. అదే నెలలో దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికల ప్రక్రియ మొదలైంది. తుపాకీ దించిన చేతులు ఓటు వేయవలసిన సమయం వచ్చింది. ఆయన వాదన సరైనదో కాదో తేల్చే పరీక్ష కూడా అదే అయింది.

ఒక స్థానం.. ఇద్దరు సభ్యులు

నాటి ఎన్నికల తీరు నేటి తరానికి వింతగా తోస్తుంది. 7.5 లక్షల జనాభాకు ఒకరికి తక్కువ కాకుండా, 5 లక్షలకు ఒకరికి మించకుండా లోక్‌సభ సభ్యులు ఉండాలని రాజ్యాంగం మొదట నిర్దేశించింది. ఆ లెక్కన దేశమంతటా 489 స్థానాలకు ఎన్నికలు జరిగాయి. అయితే నియోజకవర్గాలు అన్ని లేవు. 314 చోట్ల ఒక్కొక్క సభ్యుని, 86 చోట్ల ఇద్దరేసి సభ్యులను, ఒక చోట ముగ్గురు సభ్యులను ఎన్నుకున్నారు. షెడ్యూల్డు కులాలు, తెగలకు స్థానాలు కేటాయించేందుకు ఈ బహుసభ్య పద్ధతిని అనుసరించారు. హైదరాబాద్ రాష్ట్రానికి 25 స్థానాలు దక్కగా, నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గంగా ఏర్పడింది.

ద్విసభ్య నియోజకవర్గంలో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉండేవి. రెండింటినీ ఒకే అభ్యర్థికి వేసేందుకు వీలు లేదు. పోటీలో ఉన్న ప్రతి అభ్యర్థికీ గుర్తు అతికించిన వేర్వేరు పెట్టెలు ఉంచేవారు. ఓటరు తనకు ఇచ్చిన కాగితాలను తనకు నచ్చిన అభ్యర్థుల పెట్టెల్లో వేసి రావాలి. షెడ్యూల్డు కులాల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చిన వారికి రిజర్వు స్థానం, మిగిలిన అందరిలో ఎక్కువ ఓట్లు వచ్చిన వారికి సాధారణ స్థానం దక్కేవి.

హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నాటికి నిషేధం ఉన్నందున ఆ పార్టీ నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో బరిలోకి దిగారు. నల్లగొండ నుంచి సాధారణ స్థానానికి రావి నారాయణరెడ్డి, రిజర్వు స్థానానికి సుంకం అచ్చాలు ఎన్నికయ్యారు. భూస్వామి ఇంటి బిడ్డ, దళిత నేత ఒకే నియోజకవర్గ ప్రజల ఓట్లతో పక్కపక్కన పార్లమెంటులో అడుగుపెట్టారు. గడీల నీడలో వెట్టి చేసిన కుటుంబాల వారు మొదటిసారి ఓటు చేత పట్టి, ఆ ఇద్దరినీ ఢిల్లీకి పంపించారు.

నెహ్రూను మించిన ఓట్లు

రావి నారాయణరెడ్డికి ఆ ఎన్నికల్లో 3,09,162 ఓట్లు లభించాయి. దేశంలో మరే అభ్యర్థికీ అన్ని ఓట్లు రాలేదు. ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571 ఓట్లు. ద్విసభ్య నియోజకవర్గం కావడం వల్లనే నల్లగొండలో అన్ని ఓట్లు పోలయ్యాయని, అందువల్ల ఆ పోలిక సరికాదని కొందరు వాదించడం కద్దు. అయితే నెహ్రూ పోటీ చేసిన అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ ప్రాంతాలతో కూడిన నియోజకవర్గం కూడా ద్విసభ్య స్థానమే. అక్కడ రిజర్వు స్థానం నుంచి మసూరియా దిన్ ఎన్నికయ్యారు. కాబట్టి ఇద్దరి పోలిక సమఉజ్జీల పోలికే. పార్లమెంటులోకి తొలిగా అడుగుపెట్టే గౌరవాన్ని నెహ్రూ ఆయనకే ఇచ్చారని జిల్లాలో పాతతరం వారు చెప్పుకునేవారు.

అదే ఎన్నికల్లో ఆయన భువనగిరి శాసనసభ స్థానం నుంచి కూడా గెలుపొందారు. రెండింటిలో లోక్‌సభనే ఎంచుకున్నారు. వరంగల్ నుంచి పెండ్యాల రాఘవరావు, కరీంనగర్ నుంచి బద్దం ఎల్లారెడ్డి, ఖమ్మం నుంచి టి.బి. విఠల్‌రావు, మెదక్ నుంచి సరోజినీ నాయుడు కుమారుడు ఎన్.ఎం. జయసూర్య అదే ఫ్రంట్ తరఫున లోక్‌సభకు చేరారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, సూర్యాపేట నుంచి బొమ్మగాని ధర్మభిక్షం శాసనసభకు ఎన్నికయ్యారు. మూడు నెలల క్రితం వరకు పోలీసుల వేటలో ఉన్న ఉద్యమం చట్టసభల్లో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచింది. పోరాటాన్ని విరమించి ప్రజల ముందుకు వెళ్దామన్న రావి వాదనకు ఓటరు ముద్ర వేశాడు.

ద్విసభ్యానికి తెర

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు ఆంధ్ర రాష్ట్రంతో కలిసి ఆంధ్రప్రదేశ్‌గా అవతరించాయి. 1957లో లోక్‌సభతో పాటు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతానికి 1955లోనే ఎన్నికలు ముగియడం అందుకు కారణం. ఈసారి రావి నారాయణరెడ్డి లోక్‌సభను వదిలి భువనగిరి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. నల్లగొండ అప్పటికీ ద్విసభ్య నియోజకవర్గమే. ఒక స్థానంలో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున సాయుధ పోరాట నేత దేవులపల్లి వెంకటేశ్వరరావు, మరో స్థానంలో కాంగ్రెస్‌కు చెందిన డి. రాజయ్య గెలుపొందారు. 1952లో ఒకే ఫ్రంట్‌కు దక్కిన రెండు స్థానాలు ఇలా రెండు పక్షాల మధ్య చీలాయి.

ద్విసభ్య పద్ధతిలోని చిక్కులు అదే ఎన్నికల్లో పార్వతీపురంలో బయటపడ్డాయి. షెడ్యూల్డు తెగలకు ఒక స్థానం కేటాయించిన ఆ నియోజకవర్గంలో తెగలకు చెందిన ఇద్దరు అభ్యర్థులకే ఎక్కువ ఓట్లు రావడంతో ఇద్దరూ ఎన్నికయ్యారు. సాధారణ స్థానం ఆశించిన వి.వి. గిరి ఓడిపోయారు. తదనంతర కాలంలో రాష్ట్రపతి అయిన ఆయన ఆ ఫలితంపై న్యాయపోరాటం చేయగా, 1959లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఆయనకు వ్యతిరేకంగానే వచ్చింది. చివరకు 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. ప్రతి ద్విసభ్య స్థానాన్నీ రెండు ఏకసభ్య స్థానాలుగా విడగొట్టి, అందులో ఒకదానిని రిజర్వు చేయాలన్నది ఆ చట్టం సారాంశం.

ఆ విధంగా నల్లగొండ లోక్‌సభ స్థానం రెండుగా చీలింది. మిర్యాలగూడ పేరుతో కొత్త నియోజకవర్గం ఏర్పడింది. రావి, అచ్చాలు కలిసి ప్రాతినిధ్యం వహించిన నేలపై కాగితం మీద గీత పడింది. ఇద్దరు ప్రతినిధులను కలిసి ఎన్నుకున్న ఓటర్లు ఇక నుంచి వేర్వేరుగా ఒక్కొక్కరినే ఎన్నుకోవలసి వచ్చింది.

గీత చీల్చలేదు.. చీలికే చీల్చింది

1962 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి మళ్ళీ లోక్‌సభ బరిలో నిలిచి నల్లగొండ నుంచి కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థిగా విజయం సాధించారు. మిర్యాలగూడలో అదే పార్టీకి చెందిన లక్ష్మీదాస్ గెలిచారు. నియోజకవర్గం రెండు ముక్కలైనా రెండు ముక్కలూ ఎర్రజెండా వెంటే నడిచాయి. హద్దులు మార్చినంత మాత్రాన ఓటరు మనసు మారదని ఆ ఫలితం చాటింది.

అయితే మూడేళ్ళు గడవకముందే అసలు చీలిక వచ్చింది. 1964లో కమ్యూనిస్టు పార్టీ సీపీఐ, సీపీఎంలుగా విడిపోయింది. రావి నారాయణరెడ్డి సీపీఐలోనే కొనసాగారు. సాయుధ పోరాటంలో ఆయనతో కలిసి నడిచిన భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి వారు సీపీఎం వైపు వెళ్ళారు. ఒకే గ్రామంలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండు జెండాలు ఎగిరాయి. దళాల్లో పక్కపక్కన నడిచిన వారు ఎన్నికల ప్రచారంలో ఎదురెదురుగా నిలిచారు.

ఫలితం 1967లో కనిపించింది. నల్లగొండ నుంచి కాంగ్రెస్ అభ్యర్థి మహమ్మద్ యూనస్ సలీం, మిర్యాలగూడ నుంచి అదే పార్టీకి చెందిన జి.ఎస్. రెడ్డి గెలుపొందారు. అయిదేళ్ళ క్రితం గీత గీసి విడదీసినా చేజారని రెండు స్థానాలు, పార్టీ చీలిన తర్వాత జరిగిన తొలి ఎన్నికలోనే ఒకేసారి చేజారాయి. జిల్లా రాజకీయ చరిత్రలో ఇంత స్పష్టమైన పాఠం మరొకటి లేదు.

మారిన ప్రతినిధులు

రావి నారాయణరెడ్డి ఆ తర్వాత లోక్‌సభకు ఎన్నిక కాలేదు. క్రమంగా క్రియాశీల రాజకీయాలకు దూరమై, పోరాట కాలపు అనుభవాలను గ్రంథస్థం చేయడంపై దృష్టి నిలిపారు. ఆయన రాసిన వీర తెలంగాణ నాటి ఉద్యమాన్ని లోపలి నుంచి చూసిన రచనగా పేరొందింది. పోరాట విరమణపై తాను తీసుకున్న వైఖరిని కూడా ఆయన దాచుకోలేదు.

నల్లగొండ ఓటరు మాత్రం ఏ ఒక్క పార్టీకీ శాశ్వతంగా పట్టం కట్టలేదు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం పతాక స్థాయికి చేరిన తర్వాత 1971లో జరిగిన ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి అభ్యర్థి కంచర్ల రామకృష్ణారెడ్డి ఇక్కడ గెలిచారు. ఆ ఎన్నికలో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ఆ పార్టీకే దక్కాయి. అదే సమయంలో మిర్యాలగూడ ఓటర్లు సీపీఎం నేత భీమిరెడ్డి నరసింహారెడ్డిని ఎన్నుకోవడం గమనార్హం. 1977, 1980లలో నల్లగొండ స్థానం కాంగ్రెస్‌కు దక్కింది. 1984లో తెలుగుదేశం ప్రభంజనంలో ఎం. రఘుమారెడ్డి, 1989లో కాంగ్రెస్ తరఫున చకిలం శ్రీనివాసరావు గెలుపొందారు.

1991లో సీపీఐ మళ్ళీ ఈ స్థానాన్ని దక్కించుకుంది. 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు వెళ్ళిన బొమ్మగాని ధర్మభిక్షం దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత నల్లగొండ ఎంపీగా ఎన్నికయ్యారు. రావి నారాయణరెడ్డి తర్వాత ఈ స్థానం నుంచి లోక్‌సభకు వెళ్ళిన తొలి కమ్యూనిస్టు ఆయనే. తన పాత సహచరుని విజయాన్ని చూసిన కొద్ది నెలలకే, 1991 సెప్టెంబరు 7న రావి నారాయణరెడ్డి 83 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ ఏడాదే ప్రజాకవి కాళోజీ నారాయణరావుకూ అదే పురస్కారం లభించింది.

480 మంది అభ్యర్థులు

ఆయన మరణించిన అయిదేళ్ళకు నల్లగొండ పేరు మరోసారి దేశమంతటా మారుమోగింది. ఈసారి కారణం ఓట్ల సంఖ్య కాదు, అభ్యర్థుల సంఖ్య. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయి, పళ్ళు గారపట్టి తరతరాలుగా బాధపడుతున్న పల్లెల గోడును ఢిల్లీ వినడం లేదన్న ఆవేదనతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో వందలాది మంది నామినేషన్లు వేశారు. జలసాధన సమితి ఈ నిరసనకు నాయకత్వం వహించింది. చివరకు బరిలో మిగిలిన వారు ఏకంగా 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకాన్ని తలపించింది. ఏర్పాట్లు చేయలేక ఎన్నికల సంఘం పోలింగ్‌ను వాయిదా వేయవలసి వచ్చింది. తర్వాత జరిగిన పోలింగ్‌లో ధర్మభిక్షం తిరిగి ఎన్నికయ్యారు.

ఆ సంఘటన తర్వాత ఎన్నికల చట్టమే మారింది. లోక్‌సభ అభ్యర్థులు చెల్లించవలసిన డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేల రూపాయలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 250 రూపాయల నుంచి 5 వేల రూపాయలకు అదే ఏడాది పెంచారు. స్వతంత్ర అభ్యర్థులను ప్రతిపాదించేందుకు 10 మంది ఓటర్లు ఉండాలన్న నిబంధన వచ్చింది. తుపాకీ దించి ఓటును నమ్ముకున్న నేల, తన దాహాన్ని చెప్పుకోవడానికి కూడా నామినేషన్ పత్రాన్నే ఎంచుకుంది. రావి నారాయణరెడ్డి చూపిన దారి అంత బలంగా ఇక్కడ పాతుకుపోయింది.

అనంతరం 1998లో సీపీఐ నేత సురవరం సుధాకరరెడ్డి, 1999లో తెలుగుదేశం తరఫున గుత్తా సుఖేందర్‌రెడ్డి, 2004లో తిరిగి సురవరం సుధాకరరెడ్డి నల్లగొండ నుంచి ఎన్నికయ్యారు. నల్లగొండకు చివరి కమ్యూనిస్టు ఎంపీ సురవరమే.

మాయమైన మిర్యాలగూడ

1976లో రాజ్యాంగ సవరణ ద్వారా లోక్‌సభ స్థానాల సంఖ్యను స్తంభింపజేయడంతో మూడు దశాబ్దాల పాటు హద్దుల్లో పెద్ద మార్పులు రాలేదు. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పాటైన పునర్విభజన సంఘం 2001 జనాభా లెక్కల ఆధారంగా చేసిన మార్పులు 2008లో అమల్లోకి వచ్చాయి. రాష్ట్రంలో మొత్తం స్థానాల సంఖ్య 42గానే ఉన్నా, జిల్లా రాజకీయ పటం తలకిందులైంది.

1962లో పుట్టిన మిర్యాలగూడ లోక్‌సభ స్థానం కనుమరుగైంది. 1999, 2004 ఎన్నికల్లో అక్కడి నుంచి గెలిచిన ఎస్. జైపాల్‌రెడ్డి దానికి చివరి ప్రతినిధి. దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ శాసనసభ సెగ్మెంట్లతో నల్లగొండ లోక్‌సభ స్థానం కొత్త రూపు దాల్చింది. ఇబ్రహీంపట్నం, మునుగోడు, భువనగిరి, నకిరేకల్, తుంగతుర్తి, ఆలేరు, జనగామ సెగ్మెంట్లతో భువనగిరి లోక్‌సభ స్థానం ఏర్పడింది. పేరు పోయిన మిర్యాలగూడ నల్లగొండలో కలిసింది. నల్లగొండకు తొలి ఎంపీని ఇచ్చిన భువనగిరి ప్రాంతం విడిపోయింది. 1996లో ఫ్లోరైడ్ నిరసనతో దేశాన్ని కదిలించిన మునుగోడు పల్లెలు కూడా భువనగిరి స్థానంలోకే వెళ్ళాయి.

కొత్త హద్దులతో 2009లో, ఆ తర్వాత 2014లో నల్లగొండ నుంచి కాంగ్రెస్ తరఫున గుత్తా సుఖేందర్‌రెడ్డి గెలిచారు. 2019లో ఎన్. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, 2024లో కుందూరు రఘువీర్‌రెడ్డి అదే పార్టీ నుంచి ఎన్నికయ్యారు. 2024లో రఘువీర్‌రెడ్డి సాధించిన 5.59 లక్షల పైచిలుకు మెజారిటీ 1952లో రావి నారాయణరెడ్డికి వచ్చిన మొత్తం ఓట్లను మించిపోయింది. భువనగిరి నుంచి 2009లో కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి, 2014లో బూర నర్సయ్యగౌడ్, 2019లో కోమటిరెడ్డి వెంకటరెడ్డి, 2024లో చామల కిరణ్‌కుమార్‌రెడ్డి లోక్‌సభకు చేరారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినపుడు 17 స్థానాలు ఈ రాష్ట్రానికి రాగా, అందులో ఈ రెండూ ఉన్నాయి.

రెండు సభలు.. రెండు నియోజకవర్గాలు

అంకెల్లో రికార్డులు ఎప్పటికైనా చెరిగిపోయేవే. ఓటర్ల సంఖ్య పెరిగిన కొద్దీ పాత లెక్కలు చిన్నవిగా కనిపిస్తాయి. కానీ 1952లో 3,09,162 మంది పెట్టెల్లో వేసిన ఆ కాగితాల విలువ వేరు. అవి అంతకు కొద్ది నెలల ముందు వరకు సైనిక శిబిరాల మధ్య, లాఠీ దెబ్బల మధ్య బతికిన పల్లెల తీర్పు. ఆ తీర్పులో సగం వాటా సుంకం అచ్చాలుకూ చెందుతుంది. ద్విసభ్య పద్ధతి రద్దయ్యాక ఆ జంట ప్రాతినిధ్యం జ్ఞాపకం మరుగున పడి, ఒక్కరి పేరే నిలిచిపోయింది. దళిత బాలుర చదువు కోసం శ్రమించి ప్రజా జీవితంలోకి వచ్చిన నాయకుని తలచుకునే వేళ, ఆయనతో సమానంగా ఎన్నికైన ఆ సహచరుని కూడా తలచుకోవడం ఉచితం.

2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కలు వెలువడే వరకు లోక్‌సభ స్థానాల సంఖ్యలో మార్పు ఉండరాదని 2002 నాటి 84వ రాజ్యాంగ సవరణ నిర్దేశించింది. ఎప్పుడు పునర్విభజన జరిగినా గీతలు మళ్ళీ జరుగుతాయి. ఊళ్ళు ఒక పేరు నుంచి మరో పేరుకు మారతాయి. రావి నారాయణరెడ్డి 1941లో అధ్యక్షత వహించిన చిలుకూరు నేడు సూర్యాపేట జిల్లాలో, నల్లగొండ లోక్‌సభ పరిధిలో ఉంది. 1944లో అధ్యక్షత వహించిన భువనగిరి తానే ఒక లోక్‌సభ స్థానమైంది. ఆయన నిర్వహించిన రెండు మహాసభలకు వేదికలైన ఊళ్ళు నేడు రెండు నియోజకవర్గాలకు చెందాయి. ఏ గీత ఎటు జరిగినా, ఆయనను తమవాడని చెప్పుకునే హక్కు ఆ రెండు వైపులా సమానంగానే మిగిలి ఉంది.